కోద్రిన్ పేరు చెప్పిందెవరు

కింపులుంగ్
1993 మే 3

ప్రియమైన కోద్రిన్,

ఈ దస్తూరీ గుర్తుపట్టావా? పట్టకపోతే నేనే చెబుతాను. ఇలింకని. తొమ్మిదో తరగతిలో నీ ముందు బల్ల మీద కూర్చుని, వెనక్కి వంగి నీకు లెక్కలకు జవాబులు అందించినదాన్ని. మీ అత్త దగ్గర నీ చిరునామా తీసుకున్నాను. మూడున్నరేళ్ళలో ఒక్క ఉత్తరం రాయలేదని ఆవిడ నన్ను గుమ్మంలోనే నిలబెట్టి చీవాట్లు పెట్టింది. పడ్డాను.

జూన్ 9న మాకు ఆఖరి క్లాసు. ఆ తర్వాత బడి చదువు ముగించే బకలోరియా పరీక్షలు రాసి ఎవరి దారిన వాళ్ళం. ఆ రోజు మన క్లాసు మాస్టారు హరితోన్ గారు ఒక్కొక్కరి పేరే పిలుస్తారు. పిలిచినవాళ్ళు లేచి ఈ నాలుగేళ్ళలో తమకు ఏం మిగిలిందో చెప్పాలి. దానికి ముందు అందరి తరఫునా ఒకరు ఓ వ్యాసం చదవాలి. ఆ పని నా నెత్తిన పడింది. "ఏడిపించు, కానీ ఎక్కువసేపు ఏడిపించకు, ఇంటికెళ్ళి భోంచెయ్యాలి" అన్నారు మాస్టారు. ఆయన ఏం మారలేదు.

గుర్తొచ్చినవన్నీ కాగితం మీద పెడుతున్నాను. చేరిన నెలలోనే మనల్ని బంగాళాదుంపలు తవ్వడానికి పంపడం. క్లాసు గది వెచ్చబెట్టే పొయ్యిలోకి కట్టెలు చాలక చేతితొడుగులతోనే నోట్సు రాసుకోవడం. గావ్రిల్ పుస్తకాల సంచిలో దుంగ ముక్క పెట్టుకుని రావడం. ఇంకొకటి నువ్వు చూడలేదు. మనం చేరిన ఏడాది డిసెంబరులో ప్రభుత్వం కూలిపోయింది కదా, జనవరిలో బడి తెరిచిన రోజు మాస్టారు, "పుస్తకాలు తీయండి, నాయకుడి బొమ్మ ఉన్న మొదటి పేజీ చింపేయండి" అన్నారు. ఇరవై తొమ్మిది పేజీలు ఒకేసారి చిరిగాయి. రెండు నెలల ముందు ఆ పేజీ చింపినందుకే నిన్ను బడి నుంచి తీసేశారు. నేను వెనక్కి తిరిగి నీ ఖాళీ బల్ల చూశాను.

నీ సంగతి లేకుండా ఈ వ్యాసం ఎలా రాయను? నీ తరఫున నాలుగు వాక్యాలు రాసి పంపు, నేను చదువుతాను. ఒక సంగతి మాత్రం నువ్వు తెలుసుకోవాలి. నీకు అన్యాయం చేసినదాన్ని మేమెవ్వరం క్షమించలేదు. ఇవాళ్టికీ ఆమె పక్కన ఎవరూ కూర్చోరు.

నీ స్నేహితురాలు,
ఇలింక

*

వాత్రా దోర్నే
మే 11

ప్రియమైన ఇలింకా,

నీ దస్తూరీ ఎందుకు గుర్తుండదు? నా లెక్కల పుస్తకంలో సగం అదే కదా.

నేను బాగున్నాను. వడ్రంగం నేర్పే బడిలో మూడేళ్ళూ పూర్తయ్యాయి. ఇప్పుడు ఒక ముసలాయన దగ్గర కిటికీ చట్రాలు చేస్తున్నాను. పొద్దున చేసినదాన్ని సాయంత్రం ఆయన కొలిచి, "వంకర" అని ఒక్క మాట అంటాడు. ఈ మధ్య ఆ మాట తగ్గింది. మా నాన్నకి అటవీ కార్యాలయంలో పని మళ్ళీ ఇచ్చారు. అమ్మ ఇంటి వెనక చెర్రీ మొక్కలు వేసింది.

మీరంతా పరీక్షల దాకా వచ్చారంటే సంతోషంగా ఉంది. గావ్రిల్ కూడానా? వాడు రొమేనియా మ్యాపులో నల్ల సముద్రాన్ని పడమర పెట్టినవాడు.

నీ ఉత్తరం చివరి మాటలు మాత్రం అర్థం కాలేదు. రెండు రోజులుగా అవే చదువుతున్నాను. ఆమె అంటే ఎవరు?

కోద్రిన్

*

కింపులుంగ్
మే 15

ప్రియమైన కోద్రిన్,

ఎవరంటావేమిటి? సొరానా. మన ప్రధానోపాధ్యాయుడి తమ్ముడి కూతురు.

నువ్వు వెళ్ళిపోయిన రోజు బస్సు దగ్గరికి వచ్చింది నేనొక్కదాన్నే. ఎలా తెలిసిందిరా వాళ్ళకి అని అడిగాను. "ఎవరో నా పేరు చెప్పేశారు" అన్నావు. అంతకు ముందురోజు పొద్దున సొరానా వాళ్ళ పెదనాన్న గదిలోకి వెళ్ళడం నేను చూశాను. ఇంకెవరు చెబుతారు? మర్నాడు క్లాసులో ఆ పేరు మొదట అన్నది నేనే. ఆమె పక్కన కూర్చునేదాన్ని కూడా నేనే. పుస్తకాలు తీసుకుని లేచి పక్క వరసలోకి వెళ్ళిపోయాను. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పాల్సిన అవసరం రాలేదు.

ఆ తర్వాత ఆమెతో మాటల్లేవు. కొట్టలేదు, తిట్టలేదు. ఏదైనా అడిగితే అవును, కాదు, అంతే. పదో తరగతిలో అపెండిక్స్ ఆపరేషనై రెండు వారాలు ఆసుపత్రిలో ఉంది. ఒక్కరూ నోట్సు తీసుకెళ్ళలేదు. ఆ ఏడాదే తన పుట్టినరోజుకి ఇంటి నుంచి పళ్ళెం నిండా జున్ను పూర్ణం పెట్టిన ప్లాచింతాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. గది నిండా వాసన. అందరికీ ఆకలే. ఎవరూ ముట్టుకోలేదు. సాయంత్రం గదులు ఊడ్చే అగ్లాయా వాటిని కోళ్ళకి పట్టుకెళ్ళింది.

వాళ్ళ పెదనాన్న జనవరిలోనే పదవి పోయి ఊరు వదిలి వెళ్ళిపోయాడు. ఆమె ఇక్కడే ఉండిపోయింది.

ఇదంతా నీ కోసమే చేశాం. ఎప్పుడూ కాగితం మీద పెట్టలేదేమో, రాస్తుంటే చెయ్యి ఆగిపోతోంది. మేం చేసింది సబబేనని ఒక్క మాట రాయి.

ఇలింక

*

వాత్రా దోర్నే
మే 26

ప్రియమైన ఇలింకా,

ఆలస్యమైంది. మూడు సార్లు రాసి పొయ్యిలో వేశాను. ఇది మాత్రం కాల్చకుండా పోస్టులో వేస్తాను.

నా పేరు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పాను.

ఆ పేజీ నేను ఎవరినో ఎదిరించడానికి చింపలేదు. బడి గేటు దగ్గర ముసలమ్మ పొద్దుతిరుగుడు గింజలు అమ్మేది గుర్తుందా? ఆ రోజు ఆమె దగ్గర కాగితం లేదు. నా జేబుకి చిల్లు ఉంది. చేతిలో చరిత్ర పుస్తకం ఉంది. మొదటి పేజీ చింపి పొట్లం కట్టించుకున్నాను. తిని వరండాలో పారేశాను. తనిఖీకి వచ్చినాయన కాలికి అదే తగిలింది. విప్పి చూస్తే లోపల తొక్కలు, పైన నాయకుడి మొహం.

రెండు రోజుల తర్వాత నేను మ్యాపులు తీసుకుని ఉపాధ్యాయుల గదికి వెళ్తుంటే తలుపు సందులోంచి మాటలు వినపడ్డాయి. "ఎవరి పుస్తకమో రేపటిలోగా తేలాలి. తేలకపోతే నిన్ను ఆ కొండ మీది పల్లెకి పంపిస్తా, అక్కడ మేకలకి భూగోళం చెప్పుకో" అంటున్నాడు ప్రధానోపాధ్యాయుడు. హరితోన్ మాస్టారు, "నా పిల్లల సంచులు నేను వెతకను" అన్నారు. మర్నాడు పొద్దున్నే నేను ప్రధానోపాధ్యాయుడి గదిలోకి వెళ్ళాను. "నిన్నెవరు పంపారు?" అని అడిగాడు. ఎవరూ పంపలేదన్నాను. నమ్మలేదు.

నాన్నకి ఆ సాయంత్రమే పని పోయింది. నా అంతట నేనే వెళ్ళి ఒప్పుకున్నానని ఆయనతో చెప్పే ధైర్యం లేకపోయింది. ఎవరో చెప్పేశారన్నాను. ఆ మాటే బస్సు దగ్గర నీకూ చెప్పాను. దానివల్ల ఇంకొకరి తల తెగుతుందని నాకు తట్టనే లేదు.

జనవరిలో మళ్ళీ రమ్మని మాస్టారు కబురు పంపారు. నేను నాయకుడి మొహాన్నే చింపి ఎదిరించానని ఊరంతా చెప్పుకుంటోందని అత్త రాసింది. గింజల కోసం చింపానని మీ అందరి ముందూ ఎలా చెప్పను? ఇక్కడే ఉండిపోయాను. ఇక్కడ పని నాకు నచ్చింది, అది నిజం. కానీ రాకపోవడానికి కారణం అది కాదు.

మీరు చేసింది సబబు కాదు, ఇలింకా. కానీ ఆ తప్పు నాది. ఈ ఉత్తరం ఆమెకి చూపించు. క్లాసులో చదువు.

కోద్రిన్

*

కింపులుంగ్
జూన్ 2

కోద్రిన్,

నీ ఉత్తరం అందిన రోజంతా నీ మీద కోపంతో ఉన్నాను. మర్నాటికి ఆ కోపం నా మీదకి తిరిగింది. నువ్వు "ఎవరో" అన్నావు, అంతే. సొరానా పేరు అన్నది నేను.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. నాలుగు వీధుల అవతలే, కానీ తొమ్మిదో తరగతి తర్వాత ఆ గేటు తీయడం అదే మొదటిసారి. వాళ్ళమ్మ నన్ను చూసి ఎంత సంతోషపడిందో. చిన్న సాసరులో చెర్రీల పాకం, గ్లాసుడు చల్లటి నీళ్ళు తెచ్చిపెట్టి, "మా సొరానా స్నేహితులు ఎవరూ ఇటు రానే రారు, చదువులు ఎక్కువయ్యాయేమో" అంది. నేను సాసరు అలాగే బల్ల మీద పెట్టేశాను.

ఆవిడ లోపలికి వెళ్ళాక సొరానా చేతిలో నీ ఉత్తరం పెట్టాను. నిలబడే చదివింది. మడతపెట్టి ఇచ్చేసింది. "చదివాను" అంది.

"తిట్టు సొరానా. ఏదో ఒకటి అను."

"రేపు చరిత్ర పరీక్ష ఉంది కదా. నాకింకా రెండు పాఠాలు మిగిలాయి."

నేను లేచాను. గేటు దాకా వచ్చింది. అక్కడ అంది, మెల్లగా: "ప్లాచింతాల సంగతి అమ్మతో ఎప్పుడూ అనకు. అందరూ లొట్టలేసుకుంటూ తిన్నారని చెప్పాను. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇప్పటికీ చెప్పుకుంటుంది."

ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

నీ ఉత్తరం క్లాసులో నేను చదవను. నువ్వే రావాలి. తొమ్మిదో తారీఖు, బుధవారం, పది గంటలకి. మీ ముసలాయనతో ఏం చెబుతావో చెప్పుకో. నా వ్యాసం చించేశాను. నువ్వు మాట్లాడాక నా తప్పు నేను చెప్పుకుంటాను. ఆ రోజుకి అంతకంటే ఎక్కువ రాయడం నాకు చేతకాలేదు.

ఇలింక

*

వాత్రా దోర్నే
జూన్ 11

ప్రియమైన ఇలింకా,

మొన్న మీ అందరి మధ్యా నీతో సరిగ్గా మాట్లాడనే లేదు. స్టేషన్ దగ్గర ఏం జరిగిందో నీకు తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

ముందు మాస్టారి సంగతి. నేను గింజల పొట్లం గురించీ, తలుపు సందులోంచి విన్నదాని గురించీ చెప్పడం ముగించాను. ఆయన కళ్ళజోడు తీసి, "గాడిదా, ఆ కొండ మీది పల్లె మా అత్తగారి ఊరురా. పంపిస్తే బాగుండునని నా భార్య రోజూ దేవుడికి దణ్ణం పెట్టుకునేది. నీ వల్ల ఇక్కడే పడి ఉన్నాను" అన్నారు చూడు, ఆ క్షణాన నా గుండె మీద నుంచి ఏదో దిగిపోయింది. అందరూ నవ్వుతుంటే ఆయన మాత్రం చాలాసేపు కళ్ళజోడు తుడుచుకుంటూ ఉండిపోయారు. అది నువ్వూ చూసే ఉంటావు.

ఆ తర్వాత నువ్వు లేచి, ఆ పేరు మొదట అన్నది నేనే అని చెప్పావు. చెప్పేదంతా అయ్యేదాకా కూర్చోలేదు. నేను అంత త్వరగా చేయలేని పని అది, నాకు మూడున్నరేళ్ళు పట్టింది.

మాస్టారు సొరానా పేరు పిలిచినప్పుడు ఆమె అన్న మాట నా చెవుల్లోనే ఉంది. "నాకు చదువు బాగా వచ్చింది. మాట్లాడేవాళ్ళు లేకపోతే చదువు బాగా వస్తుంది." ఎవరూ తలెత్తలేదు. అప్పుడు గావ్రిల్ లేచాడు. అంత ఒళ్ళు వేసుకుని, బల్లలన్నిటికీ తగులుకుంటూ వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాడు. "నాకు చదువు రాలేదు, కొంచెం అటు జరుగు" అన్నాడు. ఆమె జరిగింది. అందరం ఏడ్చింది అప్పుడే.

మధ్యాహ్నం నేను ఒక్కణ్ణే స్టేషన్‌కి బయల్దేరాను. వంతెన దగ్గర వెనక నుంచి అడుగులు వినపడ్డాయి. సొరానా. నా పక్కనే నడిచింది. ప్లాట్‌ఫారం మీదకి వచ్చాక, "నాకు తెలుసు" అంది.

"ఏం తెలుసు?"

"నువ్వే వెళ్ళి చెప్పావని. ఆ పొద్దున ఇంటి తాళం కోసం పెదనాన్న గదికి వెళ్ళాను. లోపలి గదిలో ఉన్నాను. నువ్వు వచ్చావు. అంతా విన్నాను."

మొదటి రోజు నుంచే తెలుసట, ఇలింకా.

"మరి ఎందుకు చెప్పలేదు? ఒక్క మాట చెబితే నీకీ బాధ ఉండేది కాదు కదా."

"నువ్వు బయటికొచ్చి గోడకి ఆనుకుని ఏడ్చావు. మీ నాన్నకి తెలియకూడదని నీలో నువ్వే అనుకుంటున్నావు. అదీ విన్నాను. నేను నోరు విప్పితే ఆయనకి చేరుతుంది, నీ పని అయిపోతుంది అనుకున్నాను. మొదట్లో అందుకే చెప్పలేదు. జనవరి తర్వాత చెప్పి ఉండొచ్చు. కానీ ఎవరికి చెప్పను? నువ్వే చెప్పావా అని నన్ను ఒక్కరు అడిగినా చెప్పేదాన్ని. ఒక్కరూ అడగలేదు."

నువ్వు ఇది చదివి మళ్ళీ కుంగిపోతావని తెలుసు. రాయనా వద్దా అని ఆమెనే అడిగాను. రాయమంది. "ఇంక ఎవరూ ఏదీ దాచిపెట్టుకోవద్దు, నాకు విసుగొచ్చింది" అంది. నిన్ను క్షమించిందా అని కూడా అడిగాను. కొంచెం ఆలోచించి, "ఇంకా లేదు. కానీ వచ్చే వారం శనివారం బీజగణితం పుస్తకం తీసుకుని రమ్మను. ఒక్కదాన్నే చదివి చదివి నాకు పిచ్చెక్కుతోంది" అంది. బండి కదులుతుంటే నవ్వింది. అంత చక్కగా నవ్వుతుందని నాకు తెలియదు.

బండిలో కిటికీ పక్కన కూర్చున్నాను. పొజొరీతా స్టేషన్ దాటడం తెలుసు. ఆ తర్వాత ఏమీ తెలియదు. ఎవరో భుజం తట్టి లేపితే బండి మా ఊరు దాటి, పై స్టేషన్లో ఆగి ఉంది. దిగాను. తిరుగు బండి లేదు. ఎనిమిది కిలోమీటర్లు. ఇంకా ఎండ ఉంది, పక్కన ఏరు, అప్పుడే కోసిన గడ్డి వాసన. దారి పొడుగునా ఈల వేసుకుంటూ నడిచాను. ఇంటికి వచ్చేసరికి అమ్మ గుమ్మంలో ఉంది. ఏమైందిరా, బండి తప్పిపోయిందా అంది. లేదమ్మా, నిద్ర పట్టేసింది అన్నాను.

శనివారం తప్పకుండా వెళ్ళు. పరీక్షలు బాగా రాయండి, ఇద్దరూ.

మీ
కోద్రిన్