కునుకు పట్టే జాగా

ఏమయ్యా,

నిన్న నీ సంవత్సరీకం అయింది. భోజనాలయ్యాక మన స్వప్న ఫోన్‌లో దుబాయి ఫ్లాటు చూపించింది.

"కట్టంగూర్ జాగ అమ్మి గిది కొందామమ్మా. సెలవులల్ల మనముందాం, కడమ దినాలు కిరాయికిద్దాం. ధర గూడ పెరుగుతది" అన్నది.

ఏ జాగా కొనాలన్నా నువ్వు ముందు అక్కడ తువ్వాల పరుచుకుని పడుకునేవాడివి. కునుకు పడితేనే బయానా ఇచ్చేవాడివి.

"ఆడ ఎవలన్న పండుకొని చూసిన్రా బిడ్డా?" అని అడిగాను.

అల్లుడు నవ్వాడు. స్వప్న నవ్వలేదు.

"టికెట్ నేను తీస్త. నువ్వే వచ్చి పండుకొని చూడమ్మా" అన్నది.

వద్దన్నాను. కారణం చెప్పలేదు. నువ్వు పోయినప్పటి నుంచి నాకు కన్ను మూతపడడం లేదు. నీ పద్ధతిన చూస్తే, మనం కట్టుకున్న ఈ ఇల్లు కూడా కొనదగింది కాదయ్యా.