చేపతలల పులుసు

లౌతారో,

మీ అమ్మ మోకాళ్ల నొప్పులు ఎలా ఉన్నాయి? నీ భార్యకు దగ్గు తగ్గిందా? పాపకు పళ్లు వచ్చాయా? నీ సంగతి నేనడగను.

పరిశోధనకని నువ్వు అంటార్కిటికా నుంచి తెచ్చి మా ఫ్రీజరులో దాచిన చేపతలలను మా అబ్బాయి ఎలిసెయో అమ్ముకున్నాడని పుంటా అరేనాస్ రేవులో అందరి ముందూ అన్నావు. ఇక వాణ్ణి ఓడ ఎక్కనివ్వనన్నావు. వాడు మూడు రోజులుగా రొట్టె ముట్టలేదు.

తినడానికి తెచ్చావనుకుని ఆ తలలను పులుసు పెట్టింది నేను. చెప్పడానికి భయపడ్డాను. ఆదివారం "పెద్దమ్మా, ఇంకో గరిటె పొయ్యి, మా ఓడలో ఈ రుచి ఎక్కడిది" అన్నది నువ్వే.

చేపల వయసు చెబుతాయంటావే, ఆ తలల్లోని రాళ్లు, మనింటి అలవాటుగా పళ్లేల్లోంచి ఏరి అగ్గిపెట్టెలో వేశాను. ఉడికి పాడయ్యాయో ఏమో. ముందు అదే రేవులో వాడికి తప్పయిందని చెప్పు, తర్వాతే అగ్గిపెట్టె. మార్చి నాలుగున ఉదయం, మీ ఓడ బయలుదేరే వేళకు, నేనూ అక్కడికి వస్తాను.