వీపు తిప్పిన మేస్త్రి

చిట్టితల్లీ,

నేర్పనివాడి దగ్గర పని నేర్చుకుంటే ఆ గొప్ప ఎవరిది? ఏళ్ళ తరబడి ఈ ప్రశ్న నా వెంటే తిరుగుతోంది. నీ ఉత్తరం చదివాక మళ్ళీ ఎదురొచ్చి నిలబడింది.

ముందు ఇంటి సంగతులు. మేమిద్దరం బాగానే ఉన్నాం. మీ నాన్న మోకాలు మాత్రం ఎవరి మాటా వినడం లేదు, అచ్చం నీలాగే. చేతులకంటిన నూనె వాసన పోతుందా అని అడిగావు. పోదు. కొన్నాళ్ళకి ముక్కే సర్దుకుంటుంది.

వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరిన దగ్గర్నుంచీ ఊడవడం, పనిముట్లు అందించడం తప్ప ఎవరూ ఏమీ నేర్పలేదని, అయినా వచ్చే నెల నుంచి ఇనుము చెక్కే లేతు మెషీన్ మీద ఒక్కదాన్నే పనిచేయమన్నారని రాశావు. "రాదంటే చేతకానిదంటారు, వచ్చంటే వేళ్ళు పోతాయి. మానేసి వచ్చేయనా అమ్మా?" అన్నావు.

మానెయ్యకు. ప్రతిదానికీ సందేహించే నాకు ఈ ఒక్కదాంట్లో సందేహం లేదు.

నేను లేతు పని నేర్చుకున్నప్పుడు నా మేస్త్రీ అలాంటివాడే. లేతుకి టూల్ బిగించేటప్పుడు మాకు కనబడకుండా వీపు తిప్పేవాడు. ఓ రోజు నేను మెషీన్ అవతలి వైపుకి వెళ్ళి నిలబడ్డాను.

"అక్కడేం పని నీకు?"

"ఇటునుంచైతే బాగా కనిపిస్తోంది మేస్త్రీ."

"కనిపిస్తే చూడు. చూపుకి పన్ను లేదుగా!" అని గొణిగాడు. మళ్ళీ వీపు తిప్పుదామంటే మెషీన్ ఇటే ఉందాయె.

అలా చాలా నేర్చుకున్నాను. కానీ చూస్తే రానివీ ఉంటాయి. ఇనుప ముక్కని పట్టుకునే చక్‌ని తాళంచెవి లాంటి పనిముట్టుతో బిగిస్తాం కదా, ఒకసారి ఆ తాళం చక్‌లోంచి తీయకుండానే స్విచ్ మీద చెయ్యి వేశాను. మేస్త్రి ఎగిరొచ్చి నా చెయ్యి లాగేశాడు. లేకపోతే ఆ తాళం బాణంలా దూసుకొచ్చేది.

"చెప్పలేదా నీకు?" అని అరిచాడు.

"ఎవరు చెప్పారు మేస్త్రీ?"

ఆయన తాళం ఊడదీసి నా చేతిలో పెట్టి, "తాళం చక్‌లో ఉన్నంతసేపూ దాని మీంచి చెయ్యి తియ్యకు" అన్నాడు. నోరు తెరిచి ఆయన నేర్పింది అదొక్కటే.

అందుకే, చూపించేదాకా స్విచ్ ముట్టుకోకు. "నాకిది ఎవరూ చూపించలేదండీ, చూపిస్తే చేస్తాను" అని పదిమందికీ వినబడేలా అను. రాదనడం వేరు, చూపించలేదనడం వేరు. చిన్నప్పుడు గోడ గడియారం విప్పి ఒక్క మర మిగలకుండా బిగించినదానివి, నీ చేతికి పని రాకపోవడమేమిటి!

ఇప్పుడు దాచిన మాట. నిన్న మీ మేనేజర్‌కి ఫోన్ చేశాను. "నేర్పకుండా మెషీన్ మీద పెడతారా? మా అమ్మాయి వేలు పోతే ఎక్కణ్ణుంచి తెస్తారండీ?" అని అడిగాను. నసిగి నసిగి, లేతు నడిపే ఒక సీనియర్ టర్నర్‌ని నీ పక్కన ఉంచి నేర్పిస్తానన్నాడు. ఉంచుతాడు కూడా, నా గొంతు అంత తొందరగా మరిచిపోడు. ఈ సంగతి నీకు ఫోన్లో చెబితే సగంలోనే అరిచి పెట్టేస్తావని ఉత్తరం రాస్తున్నాను.

నీ వేళ్ళకి ఢోకా లేదు. కానీ నువ్వు నీ నోటితో అడిగి గెలవాల్సినదాన్ని నేను ముందే లాగేసుకున్నానేమో. "వాళ్ళమ్మ చేత ఫోన్ చేయించుకుంది" అని షాపులో ఎగతాళి చేస్తారేమో. ఆ ఫోన్ చెయ్యాల్సిందా, ఊరుకోవాల్సిందా? నాకింకా తేలలేదు.

ఇట్లు,
నీ కోపానికి సిద్ధపడి కూర్చున్న
అమ్మ