మొదటి బస్సు

మాదాపూర్,
మంగళవారం.

బాపూ,

ఈ ఉత్తరం డిపోలో నీ చేతికే ఇమ్మని కండక్టర్ వెంకటనారాయణ కాకతో పంపుతున్నాను. అమ్మకు చూపించకు.

గురువారం బంద్. మా హాస్టల్లో ఉండే సందీప్ లాఠీ దెబ్బలకు చనిపోయినప్పటి నుంచి క్లాసులు జరగడం లేదు. విద్యార్థులం మేమొక్కళ్లమే అరిస్తే ఎవరూ వినరు, ఊరంతా పని ఆపితే రాజ్యమే కూలుతుందని మావాళ్ల నమ్మకం. అదే రోజు ఇక్కడి కొత్త ఆఫీసుల టవర్‌కు విదేశీ అతిథులు వస్తున్నారు. అందుకని బస్సులను పోలీసు కాపలాతో నడిపిస్తారట. పొద్దున మాదాపూర్ వచ్చే మొదటి బస్సు నీదే.

మేం రాళ్లు వేయం. రోడ్డు మీద పడుకుంటాం. ముందు వరుసలో నేనుంటాను. "మా బాపు బస్సు ఆపుతడు" అని మీటింగులో నేనే మాటిచ్చాను. మీ డ్రైవర్ల సమ్మె అప్పుడు నువ్వన్న మాట కూడా చెప్పాను: "చక్రం ఆగితెనే పెద్దోళ్లకు చెవులు ఇనవడ్తయి బిడ్డా." అందరూ చప్పట్లు కొట్టారు.

గదికి వచ్చాక భయం పట్టుకుంది. బస్సు ఆపితే నీ ఉద్యోగం పోతుంది. పక్కన కూర్చునే పోలీసు ఊరుకోడు. ఒంట్లో బాగాలేదని చెప్పి సెలవు పెట్టమని రాయడానికే ఈ కాగితం తీశాను.

రాస్తుంటే ఇంకో సంగతి తట్టింది. నువ్వు రాకపోయినా ఆ బస్సు వస్తుంది. స్టీరింగ్ ముందు ఎవరు కూర్చుంటారో, నన్ను చూసి వాళ్లెందుకు ఆపాలో నాకు తెలియదు.

సెలవు పెట్టకు బాపూ. బయలుదేరే ముందు బ్రేకులు ఒకసారి చూసుకో.

నీ బిడ్డ