అమ్మి దూద్ బహెన్

నవంబర్ 9, ఆదివారం

అమ్మి మళ్ళ అదే మాట. ఊరికి పోదాం నుజహత్, అంటది. కల్వకుర్తి అవతల ఆమె పుట్టిన ఊరు. అమ్మికి పదేండ్లప్పుడు వాళ్ళమ్మ, మా నాని, చనిపోతే తాత సిటీకి తీస్కొచ్చిండు. మళ్ళ ఒక్కసారి గూడ పోలే. అక్కడ ఎవరున్నరని తమ్ముడు షాబాజ్ అడిగిండు. నీలమ్మ ఉన్నది అన్నది. అమ్మి పుట్టినప్పుడు నానికి పాలు పడలేదట. పక్కింటామె తన బిడ్డ నీలమ్మకు, అమ్మికి కలిపి పాలిచ్చి సాదిందట. గట్ల నీలమ్మ అమ్మికి దూద్ బహెన్.

అరవై ఏండ్లు గుర్తుకు రాని ఊరు ఇప్పుడెందుకు అన్నడు షాబాజ్.

నవంబర్ 12

మా బడి అటెండర్ భిక్షపతిది ఆ పక్కూరే. ఫోన్ చేసి కనుక్కున్నడు. నీలమ్మ బాగనే ఉన్నదట. అమ్మి పేరు చెప్తే, షౌకత్ బీ ఎవరో మాత్రం తెల్వదన్నదట.

ఆ రెండో ముచ్చట అమ్మికి చెప్పలే.

నవంబర్ 15, శనివారం, బస్సుల

అమ్మి, నేను చాంద్రాయణగుట్టల ఎక్కినం. కడ్తాల్ దాటినంక అమ్మి నోరు తెరిచింది.

అమ్మి పెండ్లయిన నెలకు నీలమ్మ సంచెడు పచ్చి పల్లికాయ మోస్కోని అమ్మి అత్తగారింటికి వచ్చిందట. కాళ్ళకు చెప్పుల్లేవు, చీర నిండ దుమ్ము. ఎవరీమె అని అత్త అడిగితే, అమ్మికి ఏమైందో, మా ఊరి నౌకరానీ, అంటే పనిమనిషి, అన్నదట. నీలమ్మ సంచి అక్కడనే పెట్టి వెనక్కి మళ్ళిందట. అమ్మి గల్మ కాడి గడప దాటి పోలే, పిలవలే.

చెప్పి కిటికీ దిక్కు తిరిగింది. నాకు కోపమొచ్చింది. వెంటనే పాపమనిపించింది. చెయ్యి పట్టుకున్న.

అదే రోజు, సాయంత్రం 5

నీలమ్మ అరుగు మీద చిక్కుడుకాయ తుంచుతున్నది. అమ్మిని చూసింది. లేవలే.

"నీలా, నేను షౌకత్‌ను."

"తెల్సు."

అమ్మి కింద మట్టిలనే కూసున్నది. తప్పయిందని అన్నది.

"నౌకరానీ అంటే నాకు తెల్వదనుకున్నవా?" అన్నది నీలమ్మ. "పటేలు ఇంట్ల నన్ను గట్లనే పిలిచేటోళ్ళు. వాళ్ళు పిలిస్తే ఏమనిపించకపోయేది."

లేచి లోపటికి పోయింది. మేం వాకిట్ల అట్లనే ఉన్నం. వాపస్ పోదామా అని అడిగిన. అమ్మి తల అడ్డంగ ఊపింది. కొంచెంసేపటికి నీలమ్మ చెంబుతోని నీళ్ళు తెచ్చింది.

"గింత మాట చెప్పనీకి యాభై ఏండ్లు పట్టిందానే నీకు? లే, కాళ్ళు కడుక్కో. బువ్వ అయితాంది."

నీళ్ళు తానే పోసింది. అమ్మి ఏడుస్తుంటే, బాయిల నీళ్ళు లెవ్వు, నువ్వు నింపుతవా ఏంది అని తిట్టింది.

నవంబర్ 16, పొద్దున

నాని ఇల్లు లేదు. ఆ జాగల ట్రాక్టర్ షెడ్డు ఉన్నది. అమ్మికి ఇల్లు ఏ దిక్కున ఉండెనో గూడ యాదికి లేదు. మస్తు చిన్నబోయింది.

నీలమ్మ కట్టె పుల్ల తీస్కోని షెడ్డు ముందట నేల మీద గీసుడు మొదలు వెట్టింది. ఇది గల్మ. ఇది మీ బాపు మంచం. ఇక్కడ మీయమ్మ నమాజు చదువుకునేది. ఈ మూలకు పొయ్యి, నువ్వు జ్వరమొస్తే ఇక్కడనే ముడుసుకోని పండేదానివి. గీత వంకర పోతే కాలుతోని చెరిపి మళ్ళ గీసింది.

అమ్మి చెప్పులిడిచి గల్మలకెళ్ళి లోపటికి పోయింది. గోడలు దాటలే. పొయ్యి కాడికి పోయి కూసున్నది. నీలమ్మ గూడ పక్కన కూసున్నది. డెబ్బై ఏండ్ల ఆడోళ్ళిద్దరు, నేల మీది గీతల మధ్యల.

ఫోటో తియ్యాలనిపించింది. తియ్యలే.

నవంబర్ 17

బడి. ఎనిమిదో క్లాసుకు పాఠం చెప్పుకుంట, నేల మీది గీతలు యాదికొచ్చి నడుమల ఆగిన. క్లాసుల దగ్గినట్టు చేసిన.

నవంబర్ 30

నీలమ్మ ఫోన్ చేసింది. అమ్మి గంటసేపు చెవి కాడ పెట్టుకోనే ఉన్నది. ఒక్క మాట గూడ ఇనపడలే. లైన్ కట్ అయిందేమో చూడమన్న.

లొల్లి చెయ్యకు, ఇద్దరం పొయ్యి కాడ కూసున్నం, అన్నది.