సర్వేయరు వచ్చేదాకా చెయ్యి వెయ్యరాదు

ఆదివారం

ప్రియమైన శ్రీమతి గారికి,

ఇందుమూలంగా యావన్మందికీ, అనగా నీ ఒక్కదానికీ, తెలియజేయడమేమనగా: ఈ మధ్యాహ్నం మూడు గంటల వేళ, మన ముందుగది కిటికీ ఎడమ రెక్క పై అద్దము, వయసు పదకొండేళ్ళు, జన్మలో ఎవరికీ అపకారం చేసి ఎరగనిది, పక్కింటి నుంచి దూసుకొచ్చిన రబ్బరు బంతి తగిలి అకాలమరణం పొందినది. శవం ముక్కలుగా దొరికింది. బంతి మాత్రం మంచం కింద ప్రాణాలతో పట్టుబడింది.

ముద్దాయి ఎవరో వేరే చెప్పాలా? పళ్ళ డాక్టరు దగ్గర కాంపౌండరు చేస్తున్న మన పక్కింటాయన కూతురు. పిడుగు. నువ్విక్కడ ఉన్నప్పుడు గోడలెక్కేది, ఇప్పుడు ఎనిమిదేళ్ళు నిండి బంతాటలో దిగింది. ముందు పళ్ళు రెండూ ఊడిపోయాయి. గుమ్మంలో నిలబడి ఏమందో తెలుసా?

"పెదనాన్నా, నా బంతి మీ ఇంట్లోకొచ్చింది. దార్లో మీ అద్దం అడ్డమొచ్చింది."

"అడ్డమొచ్చిందా? అయితే అద్దం చేత క్షమాపణ చెప్పించమంటావా?"

"మీ కొట్లో బోలెడన్ని అద్దాలున్నాయిగా?"

"మీ నాన్న పనిచేసే చోట బోలెడన్ని పళ్ళున్నాయి. నీకు రెండు తెచ్చిపెట్టాడా?"

చప్పున చేత్తో నోరు మూసుకుని పారిపోయింది. బంతి నా దగ్గరే జప్తులో ఉంది.

సరే, వేళాకోళం పక్కన పెడతాను. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివినవాణ్ణి. గాజు కొయ్యడం, పటాలకి చట్రాలు కట్టడం తప్ప నాకు మరో విద్య రాదు. నువ్వు బీమా ఆఫీసులో పదిహేడేళ్ళ నుంచి ఊరందరి నష్టాలూ కాగితాల మీద పెడుతున్నదానివి. పక్కింటి పిల్ల మన వస్తువు పగలగొడితే పరిహారం ఎలా రాబట్టాలో వివరంగా రాయి. వివరంగా అని ఎందుకంటున్నానంటే, పోయినసారి నీ ఉత్తరం కార్డుకి ఒకవైపే ఉంది. రెండోవైపు తిప్పి తిప్పి చూశాను. చిరునామా తప్ప ఏమీ లేదు.

ఇట్లు,
బాధితుడు, నీ ఆయన


శుక్రవారం

ప్రియమైన మీకు,

అద్దం పోయినందుకు విచారిస్తున్నాను. మీ నోరు మాత్రం చెక్కు చెదరలేదని తెలిసి ఊరట పొందాను.

వివరంగా రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను. మొదటిది, ఆ పిల్లని బెదిరించకండి. పిల్లలు ఆడుకుంటారు, గురి తప్పుతుంది. అడగవలసింది తండ్రిని. అదీ నలుగురిలో కాదు, ఇంటికి వెళ్ళి, కూర్చుని. పగిలిన అద్దానికి సరిపడా అడగండి. సందు దొరికింది కదా అని ఇంటికంతా కొత్త అద్దాలు అడగకూడదు. పదకొండేళ్ళ అద్దానికి కొత్తదాని వెల రాదు, వాడకపు తరుగు తీసెయ్యాలి. బంతి వెంటనే తిరిగి ఇచ్చెయ్యండి, దాన్ని పట్టుకునే హక్కు మీకు లేదు. మా ఆఫీసు పద్ధతి అయితే నష్టం లెక్కగట్టే సర్వేయరు వచ్చి చూసేదాకా పగిలినది పగిలినట్టే ఉంచాలి, చెయ్యి వెయ్యరాదు. మీది ఇంటి వ్యవహారం కనక అంత అక్కర్లేదు. అద్దాల కొట్టువారు, పావుగంటలో వేసేసుకుంటారు.

ఇక్కడి సంగతి ఒకటుంది. ఈ ఊరి ఆఫీసులో పరిహారాల విభాగం పది నెలలుగా తాత్కాలికంగా నేనే చూస్తున్నాను కదా. ఇప్పుడు పెర్మనెంటు చేస్తామంటున్నారు. వచ్చే నెలాఖరులోగా సంతకం పెట్టాలి. పెట్టకపోతే వెనక్కి వచ్చి మళ్ళీ టైపు మిషను ముందు కూర్చోవడమే. పెడితే ఇక్కడే. నా బల్ల మీద నా పేరు చెక్కిన పలక పెట్టారు. తీసేసినా పరవాలేదన్నట్టు ఇంకా మేకు కొట్టలేదు.

మీరేమంటారు?

వేళకి తినండి.
మీ ఇల్లాలు


బుధవారం

ప్రియమైన సర్వేయరు గారికి,

మీ ఉత్తర్వు అందింది. "సర్వేయరు వచ్చి చూసేదాకా చెయ్యి వెయ్యరాదు" అన్న వాక్యాన్ని తలకెత్తుకున్నాను. దాని తరువాతి వాక్యం మీద టీ ఒలికింది, కనపడలేదు.

కాబట్టి అద్దం వెయ్యలేదు. కిటికీకి మనిషి తల పట్టేంత బొక్క. నిన్న వాన పడితే జల్లు నీ కుర్చీ దాకా వచ్చింది. అట్టముక్క అడ్డం పెట్టాను, గాలికి అదీ ఎగిరిపోయింది. పొద్దున ఓ పిచిక లోపలికొచ్చి, ఇల్లంతా చూసి, అద్దెకి తీసుకునేలాంటిది కాదని వెళ్ళిపోయింది. వీధిలో పోయేవాళ్ళందరికీ ఎగతాళే. "అద్దాలాయన ఇంటికే అద్దం లేదర్రా!" అని.

నువ్వు చెప్పినట్టే కాంపౌండరు ఇంటికి వెళ్ళాను, కూర్చున్నాను. బంతి ఇచ్చేశాను. పాపం మంచివాడు.

"అన్నయ్యా, తప్పు మాదే. కొత్త అద్దం ఖర్చు నేను పెట్టుకుంటాను."

"నువ్విస్తావు, నేను పుచ్చుకుంటాను, బాగానే ఉంది. కానీ పద్ధతనేది ఒకటుంటుంది కదా. సర్వేయరు రావాలి."

"కిటికీ అద్దానికి సర్వేయరేంటి అన్నయ్యా? ఎవరతను?"

"అతను కాదు. మీ వదిన."

వాడు కాసేపు నా మొహంలోకి చూశాడు. పళ్ళు పీకించుకునేవాళ్ళని చూసీ చూసీ వాడికి మనిషి ఎక్కడ నొప్పి దాస్తున్నాడో తెలిసిపోతుందనుకుంటాను. "వదిన్ని రమ్మని నేనూ అడిగానని రాయి," అన్నాడు.

అందుచేత మీరు వచ్చి స్థల పరిశీలన చెయ్యవలసిందిగా ప్రార్థన.

చలిగాలిలో,
నీ ఆయన


సోమవారం

ప్రియమైన మీకు,

మీరు నాలుగు పేజీలు రాశారు. పిచిక గురించి రాశారు. కాంపౌండరు చూపు గురించి రాశారు. నేను సంతకం గురించి అడిగినదానికి ఒక్క ముక్క లేదు.

మీరు ఎప్పుడూ ఇంతే. బయలుదేరిన రోజు స్టేషన్లో నేను నోరు తెరిచి అడిగాను, "కొట్టు మూసేసి మీరూ రాకూడదూ?" అని. "నేనొచ్చేస్తే ఈ ఊళ్ళో వాళ్ళు మొహాలు ఎక్కడ చూసుకుంటారే?" అన్నారు. పెట్టెలో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నేనూ నవ్వాను. బండి కదిలాక ఎదుటి సీటావిడ, "మీవారు భలే సరదా మనిషండీ," అంది. అవునన్నాను. ఆ తరువాత ఊరు దాటేదాకా కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాను.

ఇక్కడ నా గది కిటికీకి అద్దం భేషుగ్గా ఉంది. దానిలోంచి చూస్తే పక్క మేడ గోడ. ఆఫీసు నుంచి వచ్చి, టీ పెట్టుకుని, ఆ గోడ కేసి చూస్తూ తాగుతాను. రెండు కప్పులు తియ్యడం మానడానికి నాకు మూడు నెలలు పట్టింది.

మీకు చలిగాలి పడదు. పోయినేడు దగ్గు ఎన్ని వారాలు వదల్లేదో మరిచిపోయారా? అట్ట కాదు, చెక్కముక్క కొట్టించండి. నా ఉన్ని శాలువా పార్సిలు చేస్తున్నాను, కప్పుకోండి. ఇక్కడ నాకు అంత అవసరం లేదు.

మీ ఇల్లాలు


ఆదివారం

ప్రియమైన నీకు,

శాలువా అందింది. కప్పుకుని కూర్చుని ఇది రాస్తున్నాను. నీ సబ్బు వాసన ఇంకా ఉంది. ఉతకమాకు అని ఎవరికి చెప్పను, ఉతికేది నేనే కదా.

ఇంతవరకు జరిగిన నష్టం నమోదు చేసుకోవలసింది: కిటికీ అద్దం ఒకటి. జలుబు ఒకటి. ఇంటికొచ్చాక మాట్లాడటానికి మనిషి లేకపోవడం, రోజుకొకసారి. కొట్లో జరిగిన తమాషా ఎవరికో చెబుదామని గుమ్మంలో చెప్పులు విడుస్తూనే మొదలుపెట్టి, సగంలో ఆపెయ్యడం, లెక్కలేనన్ని సార్లు. మొన్న మంగళవారం ఒకావిడ నిలువుటద్దం తిరిగి తెచ్చి, ఇందులో లావుగా కనపడుతున్నాను, మార్చమంది. "అమ్మా, అద్దం మారుస్తాను గానీ మిగతాది నా చేతిలో లేదు," అన్నాను. చూశావా, ఇది నీకు చెప్పాలని ఐదురోజులు దాచుకున్నాను. అప్పటికి చల్లారిపోయింది.

వీటికి వాడకపు తరుగు తియ్యకూడదని మనవి. వాడేకొద్దీ పెరుగుతున్నాయి.

సంతకం సంగతి అడిగావు. నాలాంటివాడు ఏమంటాడు? సర్వేయరు లేని ఇంట్లో అద్దం కూడా నిలవట్లేదు. అది చాలదా?

నీ ఆయన


గురువారం

ప్రియమైన మీకు,

చాలు.

నిన్న మేనేజరు గారికి చెప్పేశాను, సంతకం పెట్టనని. ఆయన పాపం రెండుసార్లు అడిగారు. "ఆలోచించుకోండమ్మా, ఈ సోమవారం కాదు, పై సోమవారం దాకా కాగితం నా దగ్గరే ఉంచుతాను," అన్నారు. ఆలోచించడానికేముంది? మీరు అక్కడ జలుబుతో, గాలి దూరే ఇంట్లో కూర్చుని ఉంటే ఇక్కడ నేను పరాయివాళ్ళ నష్టాలకి విలువ కడుతూ ఉండటం నాకే సిగ్గనిపించింది.

పలక నేనే తీసి సొరుగులో పెట్టేశాను. మీకు చెప్పకూడదనుకున్నాను గానీ చెబుతున్నాను, పెట్టేముందు దాన్ని కొంగుతో తుడిచాను. పది నెలల్లో ఒక్కరు కూడా నన్ను "టైపమ్మా" అని పిలవలేదు. పోయిన నెల ఇల్లు కాలిపోయిన ముసలాయనకి రావలసింది ఇప్పించాను. ఆయన వెళుతూ వెళుతూ పలక మీది పేరు కూడబలుక్కుని చదువుకున్నాడు. ఎవరికైనా చెప్పుకోవడానికట.

సరే, అయిపోయింది. వచ్చే వారం ఆదివారం బండికి బయలుదేరుతాను. స్థల పరిశీలన స్వయంగా చేస్తాను. కొలతబద్ద, బాధితుడు, ముద్దాయి, కాంపౌండరు గారు అందరూ హాజరులో ఉండాలి.

కిటికీ ఎలా ఉన్నది అలాగే ఉంచండి. ఇన్నాళ్ళు ఆగారు, ఇంకో పది రోజులు.

మీ ఇల్లాలు


మంగళవారం, స్పీడు పోస్టులో

ప్రియమైన నీకు,

సోమవారం పొద్దున్నే వెళ్ళి సంతకం పెట్టు. ఆదివారం బండెక్కకు. పలక సొరుగులోంచి తీసి బల్లమీద పెట్టు, ఈసారి మేకు కొట్టించు.

నీ ఉత్తరం కొట్లో విప్పాను. "చాలు" అన్న మాట దగ్గర గంతేశాను. నెగ్గాననుకున్నాను. ముసలాయన పేరు కూడబలుక్కున్న చోటికి వచ్చేసరికి చేతిలో కోస్తున్న అద్దం గీత తప్పింది. ఇరవై ఆరేళ్ళలో నాకు గీత తప్పలేదు. కొట్టు ముందు బంతాడుకుంటున్న పిడుగు లోపలికొచ్చింది.

"పెదనాన్నా, ఎవరు పగలగొట్టారు?"

"నేనే."

"మరి ఎవరికి డబ్బులిస్తావు?"

ఆ పిల్లకి పళ్ళు లేవు గానీ కరుస్తుంది. నువ్వు పదిహేడేళ్ళు టైపు కొట్టి కొట్టి సంపాదించుకున్నదాన్ని నేను ఇక్కడ కూర్చుని మూడు ఉత్తరాలతో పగలగొట్టాను. దానికి ఎంత పరిహారమో మీ ఆఫీసు పుస్తకాల్లో ఉండదు.

అందుకని నేనే వస్తున్నాను. స్టేషన్లో నువ్వు అడిగినరోజు ఎందుకు రానన్నానో చెబుతాను. భయపడ్డాను. ఈ వీధిలో నేను అద్దాలాయన్ని, నోరు విప్పితే నలుగురు ఆగి వింటారు. అక్కడ నువ్వు ఆఫీసరువి, నేను ఆఫీసరమ్మ గారి మొగుణ్ణి. ఎనిమిదో తరగతి, రెండుసార్లు. దాన్ని వేళాకోళంలో చుట్టేసి బండి పంపించేశాను. బండి వెనకపెట్టె కనపడకుండా పోయేదాకా ప్లాటుఫారం మీద నవ్వుమొహం పెట్టుకునే నిలబడ్డాను. ఎందుకో నాకే తెలియదు, చూసేవాళ్ళు ఎవరూ లేరు.

కొట్టు నా దగ్గర పనినేర్చుకున్న తమ్ముడికి అప్పగిస్తున్నాను. వాడు నాకన్నా తిన్నగా కోస్తాడు, నాకన్నా తక్కువ మాట్లాడతాడు, బేరాలు పెరుగుతాయి. గాజు కోసే కట్టరు, కొలతబద్ద, రెండు జతల బట్టలు నీ శాలువాలో చుట్టి పెట్టుకున్నాను. అక్కడా ఇళ్ళకి కిటికీలుంటాయి, పక్కిళ్ళలో పిల్లలుంటారు. నా వ్యాపారానికి లోటేమిటి? శనివారం మధ్యాహ్నానికి దిగుతాను. స్టేషనుకి రావద్దు. నీ గదికే వస్తాను. రెండో కప్పు తీసి పెట్టు.

కాంపౌండరు నీకు నమస్కారాలు చెప్పమన్నాడు. నీ పళ్ళు ఎలా ఉన్నాయని కూడా అడిగాడు, అది వాడి మర్యాద.

ఇక ఒకటి మిగిలింది. ఎదురుగా చెప్పే ధైర్యం లేదు, కాగితం మీదే పెడుతున్నాను. నువ్వు వచ్చినా ఇక్కడ పరిశీలించడానికి ఏమీ లేదు. బంతి నిజం. పిల్ల నిజం. అద్దం పగిలింది నిజం, కాంపౌండరుతో నా మాటలూ నిజం. కానీ మొదటి ఉత్తరం పోస్టుచేసిన మర్నాడే కొట్లోంచి ముక్క తెచ్చి కోసి వేసేశాను. పిడుగు చేత అద్దం అంచుకి పెట్టే లప్పం పిసికించాను, అదే పరిహారం అన్నాను, తరువాత కాంపౌండరు ఇస్తానన్న ఖర్చూ వద్దన్నాను. పావుగంట పట్టింది, నువ్వు చెప్పినట్టే. కానీ ఆ తరువాత నీకు రాయడానికి నా దగ్గర ఏమీ లేకుండా పోయింది. మళ్ళీ నీ దగ్గర్నుంచి ఒకవైపు కార్డులే వస్తాయనిపించింది.

వాన జల్లు, అట్టముక్క, పిచిక, జలుబు అన్నీ ఈ బల్లమీద కూర్చుని పుట్టించినవే. ఇన్నాళ్ళూ నువ్వు బెంగపెట్టుకున్న ఆ కిటికీ బొక్క, నీ జవాబు నాకు చేరేసరికే లేదు.

తిట్టాలనుకుంటే శనివారం దాకా దాచిపెట్టు. ఎదురుగా కూర్చుని తింటాను.

నీ ఆయన