పట్నం పోయిన చీరల మూట

చెల్లె భాగ్యా,

నువ్వు పోయిన తిథి ఇయ్యాల. నీ పటానికి దండేసి దీపం పెట్టిన. మనసు మాత్రం నీ మీద కుళ్లుకుంటనే ఉన్నది.

నీ బిడ్డ సింధు ఎంబీయే చదువుకు పెద్ద కాలేజీకి అర్జీ పెడుతున్నది. మార్కులు, ఉద్యోగం ఉంటే సరిపోదట, ప్రొఫైల్ గట్టిగ ఉండాల్నట. నాయకత్వం ఎవరిని చూసి నేర్చుకున్నవో రాయమన్నరట. పూజ అయినంక రాసింది చదివి వినిపించింది.

అంత నువ్వే. మనం నేసిన చీరలు సావుకారి కొననంటే, నలుగురు ఆడోళ్లను వెంటబెట్టుకొని మూటలతోని పట్నం పోయి దుకాణాలల్ల అమ్మొచ్చింది నువ్వేనట.

పోయింది నేను గదా. నువ్వు లేక పిల్ల అన్నం ముట్టకపోతే, "మీ అమ్మ ఎంత ధైర్యమున్నదో" అనుకుంట నా ముచ్చటే నీ పేరు మీద చెప్పి తినిపించిన. ఇరవై ఏండ్లు అదే నమ్మింది.

"ఎట్లున్నది పెద్దమ్మా?"

దేవుని ముందట కూసొని అబద్ధానికి ఎట్ల తలూపాలె? "పట్నం పోయింది నేను బిడ్డా. మీ అమ్మకు బస్సెక్కితే వాంతులు" అన్న.

"ఇంటర్వ్యూల అడిగితే దొరికిపోతుంటి గద పెద్దమ్మా!" అని నవ్వి, నీ పేరు తీసేసి నా పేరు పెట్టింది.

నాకు సంతోషమే అయింది, దాచను. ఇప్పుడు అండ్ల నీ గురించి ఒక్క వరుసే ఉన్నది: చిన్నప్పుడే అమ్మ చనిపోయింది.

ఆ వరుస రెండుసార్లు చదివించుకున్న. అయినా నిన్ను మళ్ల పెట్టుమని అననైతి.

నీ అక్క